పదికి పది

జూన్ 3, సోమవారం

ఇది మా కళ్ళజోళ్ళ షాపు ఆర్డర్ల పుస్తకం. పేజీకి కుడి కన్ను, ఎడమ కన్ను అని రెండు గడులుండాలి. అచ్చు వేసినవాడు రెండు వైపులా కుడి కన్నే వేసి తగలేశాడు. నాలుగేళ్ళుగా బీరువా మీద దుమ్ము కొట్టుకుంటోంది. ఇకమీదట నా గోడు ఇందులో రాసుకుంటాను. కౌంటర్ కింద పాత ఫ్రేముల డబ్బాలో దాస్తాను. ఇంట్లో పెడితే మరదలు చదువుతుంది. చదివి ఊరుకున్నా ఫరవాలేదు, సలహాలు కూడా చెబుతుంది.

ఇవాళ బడి తెరిచారు. సరిగ్గా ఎనిమిదింటికి టీచరు, అంటే మా ఆవిడ, తయారై, హ్యాండ్‌బ్యాగు ఎడమ చేత్తో ఒళ్ళో పెట్టుకుని, వీధి తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. నేను చూడనట్టు నటిస్తూ చెప్పులు వెతికాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

మరదలు వచ్చి, "అక్కా, ఇంకా సెలవే కదే" అంది.

"కూర్చో" అంది టీచరు.

ఫిబ్రవరిలో ఆరో తరగతికి పాఠం చెబుతూ నల్లబల్ల ముందు కూలబడిపోయింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. మిగిలింది ఈ ఒక్క మాటే. డాక్టరొచ్చినా కూర్చో, కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడికీ కూర్చో. వాడు నిజంగానే కూర్చున్నాడు పాపం, మంచినీళ్ళిచ్చి పంపాం.

పది దాకా అలాగే ఉంది. పదికి లేచి బ్యాగు కొక్కేనికి తగిలించింది. నేను షాపు ఆలస్యంగా తెరిచాను.

జూన్ 6, గురువారం

మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ బొమ్మల అట్టలు చూపించి కప్పు ఏది, తాళంచెవి ఏది అని అడిగింది. టీచరు ముఖం ఎర్రబడింది. ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని కప్పు చూపించమంటే కోపం రాదా మరి. అందుకే తప్పు చూపించిందని నేను డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ ఏదో రాసుకుంది.

"జన్మంతా చేసిన పని ఏదైనా ముందు పెట్టి చూడండి. చేతికి అలవాటైన పని. దాన్ని పట్టుకుని ఏమైనా తిరిగొస్తుందేమో" అంది.

"వస్తుందంటారా?"

"చూడండి" అంది. డాక్టర్ల దగ్గర ఈ ఒక్క మాటకు మాత్రం ఎప్పుడూ కొరతుండదు.

జూన్ 8, శనివారం

హెడ్ మేడమ్ షాపుకి వచ్చింది. అద్దాలు మార్చుకోవడానికని వచ్చింది గానీ ఆవిడ అద్దాలకేమీ కాలేదు.

"టీచర్ గారి సెలవు సెప్టెంబరు ముప్పయ్యి దాకా సాగుతుందండీ. ఆపైన నా చేతుల్లో లేదు. క్లాసు చెప్పలేకపోయినా ఫరవాలేదు. స్టాఫ్ రూములో కూర్చుని నోటుపుస్తకాలు దిద్దగలిగితే చాలు, ఏదోలా ఉంచేస్తాను. ఆ కిటికీ పక్క కుర్చీలో ఇంకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు నేను."

ఆవిడ కళ్ళజోడు తీసుకుని అవసరం లేకపోయినా మరలు బిగించి, తుడిచి ఇచ్చాను.

మాకు పిల్లల్లేరు. అరవై మంది చొప్పున ఏటా ఆ బడిలోనే పుట్టారు తనకి. ఆ కుర్చీ పోతే ఈ మనిషి ఉండదు. దిద్దడమే కదా. దిద్దిస్తాను.

జూన్ 10, సోమవారం

బీరువాలో తన కట్ట దొరికింది. సొంత చేతిరాతతో తయారుచేసుకున్న ఇంగ్లీషు అభ్యాసాలు, నూట పది కాగితాలు. ప్రతి కాగితం మీదా పది వాక్యాలు, వాక్యానికో ఖాళీ, పక్కన రెండు మాటలు. ఒకటి ఎంచుకుని ఖాళీలో రాయాలి. పైన సబ్జెక్టు వెర్బు అగ్రిమెంటు అని ఉంది. నాకు తెలిసిన అగ్రిమెంటు షాపు అద్దెది ఒక్కటే.

జవాబుల కాగితం కోసం బీరువా అంతా తిరగేశాను. లేదు. మరదలు నవ్వింది. "జవాబులు అక్క తలకాయలో ఉంటాయి బావా."

నాకు ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చు. ఇరవై ఆరేళ్ళుగా అక్షరాల బోర్డు ముందు నిలబడి జనం చేత చదివిస్తున్నవాణ్ణి. ఆరడుగుల దూరం నుంచి, తలకిందులుగా, చీకట్లో అయినా చెబుతాను. ఆ అక్షరాలు పక్కపక్కన చేరి మాటలైతేనే నాకు పరాయివైపోతాయి. పెళ్ళైన కొత్తలో నేర్పుతానంది. "నీకు నేను శిష్యుణ్ణైతే ఇంట్లో నన్నెవరు లెక్కచేస్తారు" అన్నాను. వెటకారానికి టీచరుగారూ అని పిలవడం మొదలుపెట్టాను. అదే పేరైపోయింది.

రేపు పొద్దున ఏడింటికి మొదలు.

జూన్ 11, మంగళవారం

కాగితం 1. భోజనాల బల్ల దగ్గర నేనొక వైపు, టీచరొక వైపు. పది ఖాళీలు నింపడానికి నలభై నిమిషాలు పట్టింది. చెవికి ఏది బాగుంటే అది రాశాను.

కాగితం తన ముందుకి తోశాను. ఎర్ర పెన్ను మూత తీసి ఎడమ చేతిలో పెట్టాను. చాలాసేపు కదల్లేదు. నేను చిన్నప్పుడు పరీక్షల్లో కూడా ఇంత భయపడలేదు. తర్వాత మెల్లగా మొదటి వాక్యం పక్కన టిక్కు పెట్టింది. వంకరగా, కానీ టిక్కే. రెండో దానికీ పెట్టింది. పదికీ పెట్టి, కింద గీత గీసి, పదికి పది వేసింది.

తలెత్తి నన్ను చూసి, "కూర్చో" అంది.

కూర్చునే ఉన్నాను. అయినా లేచి మళ్ళీ కూర్చున్నాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

జూన్ 12, బుధవారం

కాగితం 2. పదికి పది.

మరదలు చూసి, "అక్క ఎవరికీ పది వెయ్యదు కదా బావా" అంది.

నిజమే. అదొక పట్టుదల తనకి. కాగితమంతా ముత్యాల్లా రాసినా తొమ్మిదే. తల్లిదండ్రులు ఇంటికొచ్చి పోట్లాడేవాళ్ళు. "ఆ ఒక్కటీ రేపటికి ఉంచానండీ" అనేది.

"నేను ఎవరో ఒకణ్ణి కాదుగా" అన్నాను మరదలితో.

జూన్ 19, బుధవారం

సూత్రం పట్టేశాను. చెప్తే ఎంత సులువు. ముందున్న మాటకు చివర ఎస్సు ఉంటే తర్వాతి మాటకూ ఎస్సు తగిలించాలి. లేకపోతే అక్కర్లేదు. బాయ్స్ రన్స్. బాయ్ రన్. హి గో. ఎంత న్యాయంగా ఉందో. ఉన్నవాళ్ళు ఉన్నవాళ్ళతో, లేనివాళ్ళు లేనివాళ్ళతో. ఇందుకా ఇంగ్లీషంటే ఇన్నాళ్ళు దడుచుకున్నాను.

కాగితం 8. ఇప్పుడు పది ఖాళీలకూ పదిహేను నిమిషాలే. పదికి పది.

జూలై 2, మంగళవారం

తంతి ఆఫీసు పెద్దాయన వచ్చాడు, కళ్ళు చూపించుకోవడానికి. రిటైరయ్యి పన్నెండేళ్ళైనా పేరు మాత్రం అదే. కుర్చీలో కూర్చున్నాడో లేదో, బోర్డు కింది వరస దాకా గడగడా చదివేశాడు. నేను లైటింకా వెయ్యనే లేదు.

"పెద్దాయనా, బయట కూర్చున్నప్పుడు వినేసి బట్టీ పట్టారా?"

"నా చూపు అలాంటిదయ్యా" అన్నాడు.

నా దగ్గరా ఈ వేషాలు. బోర్డు తిప్పి రెండోదాన్ని పెట్టాను. మూడో వరస దగ్గరే ఆగిపోయాడు. ఆ తర్వాత ఫ్రేములో పవర్ లేని ఉత్త అద్దం వేసి, "ఇప్పుడెలా ఉంది" అన్నాను. "ఓహో, చాలా స్పష్టంగా ఉంది" అన్నాడు. కళ్ళజోడు వద్దని చెప్పలేక, కావాలని ఒప్పుకోలేక, మనుషులు ఇలాగే అంటారు. అందుకే ఒకే బోర్డు మీద రెండుసార్లు ఎవర్నీ నమ్మకూడదు. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం ఇది.

కాగితం 17. పదికి పది.

జూలై 4, గురువారం

కాగితం 19. పదికి పది.

జూలై 15, సోమవారం

మరదలితో గొడవైంది. నేను రాస్తుంటే భుజం మీంచి తొంగి చూసి, "బావా, హి గోస్ కదూ? మాకు బళ్ళో అలాగే చెప్పినట్టు గుర్తు" అంది.

"నువ్వు టీచరువా, అక్క టీచరా?"

"అక్కే. కానీ..."

"అక్క టిక్కు పెట్టింది. చూడు. ఇరవై రెండేళ్ళ అనుభవం. నువ్వు పదో తరగతి రెండుసార్లు రాశావు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మరదలు కళ్ళు తుడుచుకుని అక్క జుట్టు దువ్వడం మొదలుపెట్టింది. రోజూ తన పనులు మానుకుని వచ్చి, నేను షాపులో ఉన్నంతసేపూ అక్కను కనిపెట్టుకుని ఉంటోంది. అలాంటిదాన్ని పట్టుకుని నోరు పారేసుకున్నాను. సాయంత్రం క్షమించమన్నాను. "నీ కోసం ఏడవలేదులే బావా" అంది. ఎవరి కోసమో నేను అడగలేదు.

జూలై 28, ఆదివారం

టీచరు ఆదివారం కూడా ఎనిమిదింటికి బ్యాగు పట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది. ఇంతకు ముందు ఆదివారాలు కూర్చునేది కాదు.

బడికి వెళ్ళాలనే పట్టుదల పెరుగుతోందన్నమాట. మంచిదే.

ఆగస్టు 9, శుక్రవారం

బడి ముందునుంచి వస్తుంటే కొత్త టీచరు కనిపించింది. టీచరు స్థానంలో తాత్కాలికంగా వేశారు. ఒకప్పుడు మా టీచరు దగ్గరే చదువుకున్న పిల్ల. నమస్కారం పెట్టింది. నేను రోడ్డు అవతలి బోర్డులేవో చదువుతున్నట్టు ముఖం తిప్పుకున్నాను. సెప్టెంబరు తర్వాత ఆ పిల్ల ఇంకో బడి చూసుకోవాల్సిందే. పాపమనిపించింది కానీ నేనేం చెయ్యను.

ఆగస్టు 20, మంగళవారం

కాగితం 52. ఆరో వాక్యం నింపడం మరిచిపోయాను. ఖాళీగానే ఉంది. టీచరు దానికీ టిక్కు పెట్టింది.

నేను మరిచిపోయానని కనిపెట్టి పోనీలే అనుకుని ఉంటుంది. బళ్ళో ఎంత కచ్చితంగా ఉన్నా, ఇంట్లో మొదటినుంచీ నా మీద దయగానే ఉంది.

సెప్టెంబరు 4, బుధవారం

కాగితం 63. పదికి పది.

సెప్టెంబరు 16, సోమవారం

కాగితాలన్నీ వరసగా పేర్చి చూశాను. మొదట్లో టిక్కులు వంకరగా ఉన్నాయి, ఇప్పుడు నిటారుగా ఉన్నాయి. ఎడమ చేతికి ఇంత పొందిక వచ్చిందంటే తలకు రాకుండా ఉంటుందా. ఈ వారంలో అట్ట వేసి కుట్టిస్తాను. డాక్టరమ్మకు కూడా చూపించొచ్చు గానీ ఆవిడకు మళ్ళీ బొమ్మలు గుర్తొస్తాయి. సరాసరి హెడ్ మేడమ్ దగ్గరికే వెళ్తాను.

సెప్టెంబరు 23, సోమవారం

మధ్యాహ్నం షాపు మూసి బడికి వెళ్ళాను. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాను. డెబ్భై నాలుగు కాగితాల పుస్తకం హెడ్ మేడమ్ బల్ల మీద పెట్టాను.

"ఇదేంటండీ?"

"మీరడిగిందే మేడమ్. టీచరు దిద్దింది. నేను కాగితం పెట్టిన ఒక్క రోజు కూడా మానలేదు."

ఆవిడ ముఖం వెలిగింది. ఆ వెలుగు ఇంకా నా కళ్ళ ముందే ఉంది, అందుకే రాస్తున్నాను. మొదటి పేజీ తీసింది. రెండోది తీసింది. తర్వాత ఒకేసారి మధ్యలోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి చివరికి. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"జవాబులు ఎవరు రాశారండీ?"

"నేనేనండి. తన దగ్గర నేర్చుకున్నాను. సూత్రం కూడా పట్టేశాను." సిగ్గులేకుండా నవ్వాను కూడా.

ఆవిడ నవ్వలేదు. పుస్తకం నా వైపు తిప్పి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది. "ఇది తప్పండీ." వేలు కిందికి జరిగింది. "ఇదీ తప్పే. ఇదీ. మీరు ఎస్సు ఉండాల్సిన చోట తీసేసి, అక్కర్లేని చోట పెట్టారు. ఈ పేజీలో పదికి ఎనిమిది తప్పులు."

"తప్పైతే టిక్కెందుకు పెడుతుంది మేడమ్?"

నేను పుస్తకం వైపు చూస్తూ ఉండిపోయాను. బయట పిల్లలు గట్టిగా ఏదో వల్లె వేస్తున్నారు. నా ప్రశ్నకు జవాబు నాకే తెలిసేదాకా ఆవిడ ఓపిగ్గా ఆగింది. అంత మర్యాద ఎవరూ చూపించరు.

"టీచర్ గారు ఇన్నేళ్ళలో ఎవరికీ పది వెయ్యలేదండీ. మా అమ్మాయికి కూడా తొమ్మిదే" అంది చివరికి, మెల్లగా.

"తెలుసు మేడమ్" అన్నాను.

నిజంగా తెలుసు. జూన్ పన్నెండున మరదలు అడిగినప్పుడే తెలుసు. ఖాళీ గీతకు టిక్కు పెట్టిన రోజు ఇంకా బాగా తెలుసు. తెలిసిందాన్ని తెలియనట్టు అట్ట వేసి కుట్టించుకొచ్చాను.

సెప్టెంబరు 24, మంగళవారం

రాత్రంతా ఒకటే ఆలోచన. హెడ్ మేడమ్ పొరపాటు పడి ఉండొచ్చు కదా అని. సిగ్గుచేటు, అయినా రాస్తున్నాను.

పొద్దున ఏడింటికి కాగితం 75 తీశాను. ఖాళీల్లో జవాబులు రాయలేదు. మా షాపు బోర్డు మీది అక్షరాలు రాశాను. పైనుంచి కింది వరస దాకా, పది ఖాళీల్లో పది వరసలు. అర్థంపర్థం లేని అక్షరాలు. దాన్ని టీచరు ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చాను.

మొదటి దాని పక్కన టిక్కు పెట్టింది. రెండో దాని పక్కన పెట్టింది. నాలుగో దాని దగ్గర ఆగింది. దేవుడా, ఆగింది అనుకున్నాను. చెయ్యి నొప్పి పుట్టి ఆగింది. వేళ్ళు ఒకసారి విదిలించుకుని మళ్ళీ పెట్టుకుంటూ పోయింది. పదికి పది. నా వైపు చూసి, "కూర్చో" అంది. ఎంత ఆప్యాయంగా అందో.

ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో అందరికీ బోర్డు తిప్పి పరీక్ష చేసినవాణ్ణి. ఉత్త అద్దం వేసి అబద్ధం పట్టుకునేవాణ్ణి. నా ఇంట్లో మూడున్నర నెలలు ఒకే బోర్డు పెట్టుకుని కూర్చున్నాను. తిప్పితే ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి తిప్పలేదు. చాలా స్పష్టంగా ఉంది అన్నది తంతి ఆఫీసు పెద్దాయన కాదు, నేను.

సెప్టెంబరు 25, బుధవారం

షాపు తెరవలేదు. ఇది మర్నాడు రాస్తున్నాను. రాయడానికేమీ లేదు.

సెప్టెంబరు 30, సోమవారం

బడిలో సంతకం పెట్టి వచ్చాను. ఆరోగ్య కారణాల చేత విధులనుంచి తప్పుకుంటున్నారు అని రాసి ఉంది. టీచరు సంతకం ఉండాల్సిన చోట నా సంతకం. స్టాఫ్ రూము ముందునుంచి వస్తుంటే కిటికీ పక్క కుర్చీ కనిపించింది. ఎవరూ కూర్చోలేదు ఇంకా. దాని వీపు మీద తన శాలువా ఉంది, ఫిబ్రవరినుంచి అక్కడే ఉన్నట్టుంది. తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి తన ముందు కూర్చుని చెప్పాను. "ఇక బడికి వెళ్ళక్కర్లేదు. చాలా ఏళ్ళు పనిచేశావు కదా. ఇంక విశ్రాంతి."

శాలువా ఒళ్ళోకి తీసుకుని మడత పెట్టడానికి ప్రయత్నించింది. ఒక చేత్తో కుదరదు. నేను రెండో అంచు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి మడత పెట్టాం. అర్థమైందో లేదో తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు. నా తల మీద చెయ్యి వేసింది, అది మాత్రం నిజం. ఆ చేతికి అర్థం కాకపోవడమంటూ లేదు.

అక్టోబరు 1, మంగళవారం

ఎనిమిదింటికి బ్యాగు పట్టుకుని తలుపు దగ్గర కూర్చుంది.

అక్టోబరు 3, గురువారం

పాఠం మానేసి పది రోజులు కావస్తోంది. కాగితాల కట్ట బీరువాలో పెట్టి తాళం వేశాను. పొద్దున్నే షాపుకి వచ్చేస్తున్నాను. ఏడింటికి కళ్ళజోళ్ళు కొనేవాళ్ళెవరూ ఉండరు. పక్క షాపు టైలరు అడిగాడు, "ఏంటి గురూ, ఇంట్లో తరిమేశారా" అని. అవునన్నాను.

అక్టోబరు 7, సోమవారం

మరదలు షాపుకి వచ్చింది. ఎప్పుడూ రాదు.

"బావా, ఒక మాట అడుగుతాను, కసురుకోకు."

"అడుగు."

"నువ్వొచ్చేశాక అక్క రోజూ భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంటోంది. ఎర్ర పెన్ను మూత పళ్ళతో తీసి పెట్టుకుంటోంది. ఎనిమిదయ్యేదాకా అలాగే చూస్తూ కూర్చుంటోంది. ఎనిమిదింటి బ్యాగు ఒకటి, ఈ పెన్ను ఒకటి. బడి పోయిందంటే అది మన చేతుల్లో లేదు. ఇది కూడా తీసేసుకున్నావేంటి?"

"దానివల్ల ఏం లాభం? ఏది పెట్టినా టిక్కే పెడుతుంది. నీకూ తెలుసుగా."

"నాకు జూలైలోనే తెలుసు."

"మరి చెప్పలేదే?"

"నువ్వు చెప్పనిచ్చావా?" అని, "చెప్పి ఉంటే నువ్వు అప్పుడే మానేసేవాడివి. అందుకే ఊరుకున్నాను" అంది.

వెళ్తూ వెళ్తూ కౌంటర్ మీద ఎర్ర పెన్ను రీఫిల్ ఒకటి పెట్టి వెళ్ళింది. పాతది అయిపోయిందట.

అక్టోబరు 8, మంగళవారం

రేపే మొదలుపెట్టొచ్చు. నేనేం రాసినా తనకు తేడా లేదు. అక్కడే నా మనసు పట్టేసింది.

ఈ మనిషి ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పును టిక్కు కింద పోనివ్వలేదు. జ్వరమొచ్చినా కట్టలు ఇంటికి తెచ్చుకుని, కళ్ళకు తడిగుడ్డ అద్దుకుంటూ దిద్దేది. "పోనీలేవే, పిల్లలకేం తెలుస్తుంది" అంటే, "నాకు తెలుస్తుంది కదండీ" అనేది. అలాంటి మనిషి చేత నేను వందల తప్పుల మీద టిక్కు పెట్టించాను. పైగా కుట్టించి, ఊరేగించినట్టు తన బడికే తీసుకెళ్ళి చూపించాను. తనకు తెలిసి ఉంటే సిగ్గుతో చచ్చిపోయేది. తనకు తెలియదు. నాకు తెలుస్తుంది కదా.

అక్టోబరు 9, బుధవారం

నాలుగున్నరకు బడికి వెళ్ళాను. కొత్త టీచరు తరగతిగదిలో కిటికీలు మూస్తోంది. ఆగస్టులో ముఖం తిప్పుకున్న సంగతి ఆ పిల్లకు గుర్తుంటుందనుకున్నాను. గుర్తున్నా చూపించలేదు.

"నాకు ఇంగ్లీషు నేర్పాలమ్మా. అంతా వద్దు. ఈ అగ్రిమెంటు ఒక్కటి చాలు."

ఎందుకని అడిగింది. చెప్పాను. అంతా చెప్పాను, బోర్డు అక్షరాల సంగతితో సహా. ఆ పిల్ల డస్టరు పట్టుకుని అటు తిరిగి, అప్పటికే శుభ్రంగా ఉన్న నల్లబల్లను చాలాసేపు తుడిచింది.

"కూర్చోండి" అంది.

ఆరో తరగతి బెంచీ. మోకాళ్ళు పట్టలేదు, పక్కకి పెట్టుకుని కూర్చున్నాను.

అక్టోబరు 22, మంగళవారం

ఎక్కిన తప్పు దిగడం కష్టం. కొత్తగా నేర్చుకోవడానికి రెండు రోజులు, పాతది మరవడానికి రెండు వారాలు. ఒక్కడుంటే ఎస్సు, పదిమంది ఉంటే వద్దు. ఇది అన్యాయమన్నాను. "తెలుగులో మాత్రం తక్కువా సార్? ఒక్కడు వచ్చాడు అంటాం, పదిమంది వచ్చాడు అంటామా" అంది ఆ పిల్ల. యాభై మూడేళ్ళుగా ఆ పని చేస్తూనే ఉన్నానని ఇవాళే తెలిసింది.

ఇవాళ ఇరవై వాక్యాల్లో ఏడు తప్పులు. ఆ పిల్ల నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తుంది. ఎవరి శిష్యురాలు మరి.

నవంబరు 4, సోమవారం

రెండు తప్పులు. కలెక్టివ్ అంటూ ఏవో గుంపుల మాటలున్నాయి. గుంపైనా ఒక్కటేనట. తల వాచిపోయింది.

ఇంట్లో టీచరు ఇంకా బల్ల దగ్గర ఎదురుచూస్తోంది. ఇంకొక్క వారం ఓపిక పట్టు అని పొద్దున చెప్పి వచ్చాను. "కూర్చో" అంది. నేను ఆగలేదు. ఆగితే ఏదో ఒకటి రాసి పెట్టేస్తానని భయం.

నవంబరు 9, శనివారం

కొత్త టీచరు నేను తీసుకెళ్ళిన మొదటి కాగితం చూసి, ఖాళీలు ఖాళీగానే ఉంచి రెండు నకళ్ళు రాసిచ్చింది. ఒకదాన్ని ఆమె ఎదురుగానే నింపాను. చెమట పట్టింది. ఒకటికి రెండుసార్లు చూసి, ఒక్క తప్పూ లేదంది. కింద తొమ్మిది వేసింది.

"అన్నీ ఒప్పేనన్నావు కదమ్మా?"

"ఆ ఒక్కటీ రేపటికి సార్" అని, నవ్వబోయి నవ్వలేకపోయింది. మా టీచరు తనకెప్పుడూ తొమ్మిదే వేసేదట. ఒక్కసారైనా పది వేయించుకోవాలని మూడేళ్ళు పట్టుబట్టి చదివి, చివరికి తనూ ఇంగ్లీషు టీచరే అయిందట.

నవంబరు 11, సోమవారం

ఏడింటికి కాదు, ఎనిమిదింటికి పెట్టాను పాఠం. టీచరు బ్యాగు పట్టుకుని వచ్చి తలుపు దగ్గర కూర్చోబోతుంటే, నేను ఎదురు వెళ్ళి, "గుడ్ మార్నింగ్ టీచర్" అన్నాను. చెయ్యి పట్టుకుని భోజనాల బల్ల దగ్గరికి తీసుకొచ్చాను. స్టాఫ్ రూములోలాగే ఉండాలని బల్లనీ కుర్చీనీ ముందే కిటికీ పక్కకి జరిపి ఉంచాను. దాని వీపు మీద శాలువా వేశాను. బ్యాగు తీసి బల్ల మీద పెట్టుకుంది. మరదలు గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఎదురుగా నిలబడ్డాను.

"కూర్చో" అంది.

కూర్చున్నాను. ఇంకో నకలు మీద పది ఖాళీలూ నింపాను. నేను నింపుతున్నంతసేపూ ఎర్ర పెన్ను పట్టుకుని ఓపిగ్గా చూస్తూ ఉంది. రాసిందంతా మళ్ళీ చదువుకున్నాను. మూడోది రెండుసార్లు చూశాను. అప్పుడు కాగితం తన ముందుకి తోశాను.

ఒక్కో వాక్యం పక్కనా నిదానంగా టిక్కు పెట్టింది. పది టిక్కులు. కింద గీత గీసి, పదికి పది వేసింది.

టీచరు ఇవాళ ఒక్క తప్పు కూడా చెయ్యలేదు.